"పోలీసు కేసవుతుంది" నుంచి సీపీఆర్ దాకా

రోడ్డు మీద ఎవరైనా పడిపోతే "ముట్టుకోకు, పోలీసు కేసవుతుంది" అనడం మన ఇళ్లలో పెద్దలు చెప్పే జాగ్రత్త. ఇప్పుడు పడిపోయిన మనిషికి సీపీఆర్ చేయడానికి, అంటే గుండె ఆగినప్పుడు రక్తం ఆడేలా ఛాతీ నొక్కడానికి, మొదట చేతులు వేస్తున్నవాళ్లలో ఆ పోలీసులే కనిపిస్తున్నారు. ఇక్కడిదాకా రావడానికి ముప్పై ఏళ్లకు పైనే పట్టింది.

1980ల్లో ఒక స్కూటరిస్టును కారు గుద్దింది. దారిన పోయే ఒకాయన అతన్ని దగ్గర్లోని ఆసుపత్రికి మోసుకెళ్లాడు. మెడికో లీగల్ కేసులు, అంటే పోలీసు దర్యాప్తుతో ముడిపడ్డ గాయాల కేసులు, ఇక్కడ చూడమని, 20 కిలోమీటర్ల అవతలున్న ఇంకో ఆసుపత్రికి పొమ్మని పంపేశారు. దారిలోనే ప్రాణం పోయింది. పేపర్లో వచ్చిన ఈ వార్త పట్టుకుని పరమానంద్ కటారా అనే మానవ హక్కుల కార్యకర్త సుప్రీంకోర్టుకు వెళ్లారు. ముందు వైద్యం, పోలీసు లాంఛనాలన్నీ ఆ తర్వాతేనని 1989 ఆగస్టులో కోర్టు తేల్చేసింది.

డాక్టర్ల సంగతి అలా తేలింది. మోసుకొచ్చినవాళ్ల భయం మాత్రం పోలేదు. పేరు రాసుకుంటారు, స్టేషన్ చుట్టూ తిప్పుతారు, సాక్ష్యానికి పిలుస్తారు... ఇదంతా వట్టి అపోహ అనలేం, జనం పడ్డ బాధే అది. 2007లో జరిగిన రోడ్డు ప్రమాదంలో తన కజిన్‌ను పోగొట్టుకున్న పీయూష్ తివారీ, సేవ్‌లైఫ్ ఫౌండేషన్ పెట్టి దీని మీదే పోరాడారు. సాయం చేసినవారిని వేధించకూడదన్న మార్గదర్శకాలకు 2016 మార్చి 30న సుప్రీంకోర్టు చట్టంతో సమానమైన బలమిచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో, సాయం చేసినవారికి రక్షణ ఇచ్చే 134ఏ సెక్షన్ చేరింది.

ఈలోగా 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో ఊరూరా తెలుసు. కానీ గుండె ఆగిపోతే లెక్క వేరు. ఛాతీ నొక్కేవాళ్లు లేకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గిపోతుంది. అంబులెన్సు ట్రాఫిక్ దాటుకుని రావాలి. చౌరస్తాలో కానిస్టేబుల్ అప్పటికే అక్కడ ఉంటాడు. పోలీసుకు సీపీఆర్ నేర్పాలనడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

2023 ఫిబ్రవరిలో జరిగింది అదే. రాజేంద్రనగర్ దగ్గర ఆరాంఘర్ చౌరస్తాలో బస్సు దిగిన ఒకాయన అక్కడే కుప్పకూలాడు. డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ కలిపి ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాడు. మనిషిలో కదలిక వచ్చాక ఆసుపత్రికి పంపారు. ఆ వీడియో చూడని ఫోన్ లేదనిపించింది ఆ వారం. కొద్ది రోజులకే, మార్చిలో, తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణను పెద్ద ఎత్తున మొదలుపెట్టింది.

చూడటానికి సులువుగా ఉంటుంది గానీ, చేస్తే తెలుస్తుంది. పెద్దవాళ్లకైతే ఛాతీ 5 సెంటీమీటర్లకు తగ్గకుండా దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. శిక్షణ బొమ్మ మీద సరిగ్గా నొక్కితే టక్ మని చప్పుడొస్తుంది. రెండో నిమిషానికల్లా భుజాలు లాగేస్తాయి, చప్పుడు ఆగిపోతుంది. అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలంటారు. నేర్చుకున్నది మళ్లీ మళ్లీ చేయకపోతే కొన్ని నెలల్లోనే చేయి తప్పుతుంది. ఒక్కరోజు క్యాంపుతో సరిపెడితే ఆ శిక్షణ నిలవదు.

ఇంకొకటుంది. చాలా కేసుల్లో గుండె మొదట పూర్తిగా ఆగదు, లయ తప్పి వణుకుతుంది. దాన్ని దారికి తేవాలంటే కరెంటు షాక్ కావాలి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టర్‌లో 1990లోనే పెట్రోలింగ్ కార్లలో ఆ షాక్ మిషన్లు పెట్టారు. అంబులెన్సు కంటే ముందు చేరిన పోలీసులే షాక్ ఇచ్చి మనుషుల్ని బతికించారు. మన పెట్రోలింగ్ బండ్లలో కూడా ఆ పెట్టె ఉండాలి. వాడటం కష్టమేమీ కాదు. మూత తీసి ప్యాడ్లు అంటిస్తే, షాక్ ఇవ్వాలో వద్దో మిషనే చెబుతుంది.