లండన్ చూడటానికి వచ్చే మనవాళ్లలో అపోహలు - వాస్తవాలు

లండన్‌లో టూర్ గైడ్‌గా పనిచేస్తున్నాను. పిల్లల దగ్గరికి వచ్చిన తెలుగు తల్లిదండ్రులే ఎక్కువగా నాతో తిరుగుతారు. వాళ్ల నోట మళ్లీ మళ్లీ వినిపించే మాటలు ఇవి.

అపోహ: లండన్‌లో ఏది చూడాలన్నా బోలెడు డబ్బు కావాలి.

వాస్తవం: బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్, సైన్స్ మ్యూజియం అన్నింటికీ ప్రవేశం ఉచితం. మధ్యమధ్యలో పెట్టే ప్రత్యేక ప్రదర్శనలకే టికెట్ కొనాలి. టవర్ ఆఫ్ లండన్‌కు, వెస్ట్‌మినిస్టర్ అబ్బీకి మాత్రం టికెట్ ఉంటుంది.

అపోహ: బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీలు, రొసెట్టా రాయి చూస్తే చాలు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. 33ఎ గదిలో మన అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలు ఉన్నాయి. తెలుగువాళ్లు ఆ గది పక్కనుంచే వెళ్లిపోతుంటారు. ఒక్కోసారి లోపలికి వెళ్లే తలుపు మూసి ఉండొచ్చు, అయినా అద్దాల గోడలోంచి శిల్పాలు కనిపిస్తాయి. అక్కడ రెండు వైపులా చెక్కిన ఒక పలక కోసం వెతకండి. ఒక వైపు బోధివృక్షాన్ని కొలుస్తున్న జనం, అది క్రీస్తు పూర్వపు పని. సుమారు మూడు వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, రెండో వైపు మహాస్తూపాన్నే చెక్కారు. ద్వారం దగ్గర సింహాలు, వరసగా అయిదు ఆయక స్తంభాలు (స్తూపం నాలుగు దిక్కుల్లోని వేదికల మీద నిలిపేవి), పైన గుమ్మటం. ఇప్పుడు అమరావతిలో మిగిలింది మట్టిదిబ్బ, పునాదులే కాబట్టి, స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఇలాంటి పలకల వల్లే తెలుస్తోంది. నన్నడిగితే ఆ ఒక్క రాయి ముందు అరగంట నిలబడొచ్చు.

అపోహ: స్తూపాన్ని ఇంగ్లీషువాళ్లే కూల్చి, మొత్తం లండన్ తెచ్చేశారు.

వాస్తవం: 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి పట్టణం కట్టిస్తున్నప్పుడే ఆ దిబ్బను ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వేశారు. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చింది ఆ తర్వాతే. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు ముందు మద్రాసు చేరాయి, అక్కడి నుంచి 1859లో లండన్‌కు ఓడెక్కాయి. అలాగని తీసుకెళ్లడం న్యాయమని నేను అనను. కాకపోతే చాలా శిల్పాలు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనే ఉన్నాయి, కొన్ని అమరావతిలోనూ ఉన్నాయి. అవి కూడా చూస్తేనే కథ పూర్తవుతుంది.

అపోహ: కోహినూర్ రాజుగారి కిరీటంలో ఉంది.

వాస్తవం: అది ఉన్నది 1937లో రాణి ఎలిజబెత్‌కు, అంటే రెండో ఎలిజబెత్ తల్లికి, చేయించిన కిరీటంలో. టవర్ ఆఫ్ లండన్‌లోని జ్యూయల్ హౌస్‌లో చూడొచ్చు. 2023 పట్టాభిషేకంలో దాన్ని ఎవరూ ధరించలేదు. 1852లో సానబట్టినప్పుడు సుమారు 186 క్యారెట్ల వజ్రం 105.6కు తగ్గింది, అందుకే చాలామంది "ఇంత చిన్నదా" అంటారు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందనేది మనం గట్టిగా నమ్మే మాట, కానీ అందుకు రాతపూర్వక ఆధారం లేదు. లోపల ఫొటోలు తీయనివ్వరు. పొద్దున తెరవగానే నేరుగా అక్కడికే వెళ్లండి, తర్వాత క్యూ పెరిగిపోతుంది.

అపోహ: ఫొటోల్లో కనిపించే రెండు బురుజుల వంతెన లండన్ బ్రిడ్జ్.

వాస్తవం: అది 1894లో ప్రారంభమైన టవర్ బ్రిడ్జ్. అసలు లండన్ బ్రిడ్జ్ దానికి పడమరగా ఉన్న మామూలు కాంక్రీటు వంతెన. టవర్ ఆఫ్ లండన్‌కు వెళ్లాలంటే ట్యూబ్‌లో (భూగర్భ రైలులో) టవర్ హిల్ స్టేషన్‌లో దిగండి.