కొర్త్తిపెలి ఎక్కడిది?

చిరంజీవులు పిల్లలిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

హెల్సింకిలో మీ బడిపిల్లలు ఫిన్నిష్‌లో పేకాటని 'కొర్త్తిపెలి' అంటున్నారు, మన 'కార్డు'లాగే వినిపిస్తోందేంటి అని ఫోన్లో అడిగారు కదా. ఆ పోలిక ఊరికే రాలేదర్రా. కొర్త్తి, కార్డు రెండూ లాటిన్‌లో కాగితానికున్న 'కార్తా' అనే మాట సంతానమే. మనకి ఇంగ్లీషు నుంచి వచ్చింది, వాళ్ళకి స్వీడిష్ నుంచి. 1809 దాకా ఫిన్లాండ్ స్వీడన్ ఏలుబడిలోనే ఉండేది. స్వీడిష్‌లో పేకముక్క 'కొర్ట్', ఆట 'స్పేల్'.

మాటని ఇంటికొచ్చిన చుట్టం అనుకోండి. చుట్టం గడప బయట చెప్పులు విప్పాలి. పాతకాలపు ఫిన్నిష్ నోటికి మాట మొదట్లో రెండు హల్లులు కలిసొస్తే పడేది కాదు. అందుకే స్పేల్ తన 'స్'ని బయట విడిచి 'పెలి'గా లోపలికొచ్చింది. కుర్చీ కూడా అంతే, స్వీడిష్‌లో 'స్టూల్', ఫిన్నిష్‌లో 'తువొలి'. కాళ్ళు కడుక్కున్న చుట్టానికి తువ్వాలు ఇస్తాం కదా, ఫిన్నిష్ ఇంట్లో ఆ తువ్వాలు చివరన చేరే 'ఇ'. మనింట్లో 'ఉ'. మనకి బస్సు, వాళ్ళకి బుస్సి. మనకి బ్యాంకు, వాళ్ళకి పంక్కి.

మా చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు అరుగు మీద గాడిదాట ఆడేవాళ్ళం. చెమటకి ముక్కలు అంటుకుపోతే నాయనమ్మ పౌడరు చల్లి, పైటకొంగుతో ఒక్కొక్కటే తుడిచేది. ఆఠీను, కళావరు, డైమను, ఇస్పేటు అని పాడినట్టు లెక్కపెట్టేది. చూశారా, ఫిన్నిష్ 'స్'ని తీసేస్తే, మనవాళ్ళు దాని ముందు 'ఇ' పెట్టి దారి చేశారు. ఎవరైనా 'ఇస్కూలు' అంటే నవ్వకండి. నోటికి తగ్గట్టు మాటని మలుచుకోవడం భాష తెలిసినవాళ్ళు చేసే పనే.

ఇక వ్యాకరణం. 'పేకముక్క బొమ్మ' అనాలంటే ఆ ముక్క 'కొర్తిన్' అవుతుంది. చివర 'న్' చేరగానే ఒక 'త్' జారిపోయింది. మనం 'ఇల్లు'ని 'ఇంటి' చెయ్యమూ? అదే 'పేకాడదాం' అంటే 'పెలతాన్ కొర్త్తియ'. జారిపోయిన 'త్' తిరిగొచ్చింది, చివర 'అ' చేరింది. పాలు తాగుతున్నాను అన్నప్పుడు పాలకీ ఇదే విభక్తి. ఇంత అని కొలత పెట్టని వాటికి, ఇంకా పూర్తికాని వాటికి ఇది వాడతారు. ఆటకి ఇంతకన్నా తగిన విభక్తి ఏముంటుంది! ఇలాంటివి వాళ్ళకి 15 ఉన్నాయి. తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

రేపు బడికెళ్తూ బోర్డుల మీద 'ఇ'తో ముగిసే మాటలు ఏరండి. తువ్వాలు తీసి చూస్తే ఎన్నిటి మొహాలు తెలిసినవో నాకు రాయండి.

మీ తాతయ్య