తుపాకి లైసెన్సు: అపోహలు - వాస్తవాలు

ఉత్తరాంధ్రలోని ఒక జిల్లా కార్యాలయంలో, మెజిస్టీరియల్ విభాగంలో, మూడు విడతలుగా పదకొండేళ్లపాటు ఆయుధ లైసెన్సుల దస్త్రాలు చూసి పదవీ విరమణ చేశాను. దరఖాస్తులో తుపాకి ఎందుకు కావాలన్న గడి దగ్గరకు రాగానే దాదాపు ప్రతివారూ 'ప్రాణరక్షణ నిమిత్తం' అని రాసేవారు. ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు మాటలు అడిగితే, ఆ రెండు పదాల వెనుక బ్యాంకు కాపలా ఉద్యోగమో, జీడితోటలో పడుతున్న అడవి పందులో, తాతగారి గదిలో గోడకు వేలాడుతున్న డబుల్ బ్యారెల్ తుపాకో బయటపడేది. కారణాన్ని బట్టి వర్తించే నియమం మారుతుంది. ఆ సంగతి తెలియకనే చాలామంది చిక్కుల్లో పడుతున్నారు. ఇప్పటికీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తెలిసినవారు ఫోన్ చేసి అడుగుతున్న ప్రశ్నలనే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: ఆత్మరక్షణ మన హక్కు కనుక తుపాకి ఉంచుకోవడం కూడా హక్కే.

ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉన్నది, తుపాకి హక్కు మాత్రం మన రాజ్యాంగంలో ఎక్కడా లేదు. అమెరికా రాజ్యాంగంలో ఉన్నట్టు మన దగ్గర ఆయుధం ధరించడం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 2023లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక కేసు విచారణలో స్పష్టంగానే గుర్తుచేసింది. బ్రిటిష్‌వారు 1878లో తెచ్చిన ఆయుధ చట్టం స్థానంలో వచ్చిన 1959 నాటి చట్టమే ఇప్పటికీ ఆధారం. దాని 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా ఎవరూ తుపాకిని సంపాదించకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. ఈ ప్రాంతంలో తుపాకికి వేరే జ్ఞాపకాలు కూడా ఉన్నాయి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల వర్గం కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయిన తర్వాత శ్రీకాకుళం గిరిజన ఉద్యమం సాయుధ పోరాటం దారి పట్టిన సంగతి అందరికీ తెలుసు. ఏజెన్సీ మండలాల దరఖాస్తులపై పోలీసు విచారణ మరికొంత లోతుగా సాగడానికి ఆ చరిత్ర కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

అపోహ: తుపాకి లైసెన్సు పలుకుబడి ఉన్నవారికే వస్తుంది.

హోదా కోసం అడిగేవారు లేరని నేను అనను. నడుముకు రివాల్వర్ కనబడాలనే కోరికతో వచ్చినవారిని చూశాను, వారిలో కొందరికి లైసెన్సు దొరకడమూ చూశాను. అయితే నా చేతి మీదుగా వెళ్లిన దస్త్రాల్లో ఎక్కువ భాగం మాజీ సైనికులవి. ఊరికి పదిమంది సైన్యంలో ఉన్న పల్లెలు ఈ రెండు జిల్లాల్లో తక్కువేమీ కావు. నలభై దాటీ దాటకముందే హవల్దారుగా ఇంటికి వచ్చిన మనిషికి పిల్లల చదువులు ఇంకా మిగిలే ఉంటాయి. బ్యాంకులోనో, నగదు వ్యానులోనో కాపలా ఉద్యోగం ఉన్నదని, అయితే సొంత తుపాకి ఉండాలని ఎవరో చెబుతారు. అతడు పింఛను సొమ్ములోంచి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ కొనడానికి సిద్ధపడతాడు. అతని దృష్టిలో తుపాకి కూడా కుట్టు మిషనులాంటి పనిముట్టే.

ఇక్కడే నియమం అడ్డు తగులుతుంది. వ్యక్తిగత రక్షణ కోసమని తీసుకున్న లైసెన్సును జీతానికి కాపలా కాయడానికి వాడుకుంటే ప్రయోజనం మారిపోతుంది. సక్రమమైన పద్ధతి ఏమిటంటే, తుపాకికి సంస్థ పేర లైసెన్సు ఉండాలి, కాపలాదారు పేరు అందులో రిటైనర్‌గా, అంటే లైసెన్సుదారు తరఫున తుపాకి పట్టే మనిషిగా, ఎక్కాలి. పైగా జిల్లాకో, రాష్ట్రానికో పరిమితమైన లైసెన్సుతో హైదరాబాదు వెళ్లి ఉద్యోగంలో చేరితే, లైసెన్సు ఉండి కూడా పరిధి దాటిన నేరం అంటుకుంటుంది. సైన్యంలో పనిచేసినవారికి లైసెన్సు దానంతట అదే వస్తుందన్నది దీనికి తోబుట్టువులాంటి అపోహ. 2016 ఆయుధ నియమాలు సైనికులను, పోలీసులను పరిశీలించదగినవారిగా పేర్కొన్న మాట నిజమే గాని, నిజమైన అవసరం ఉండాలన్న షరతును వారికి కూడా పెట్టాయి.

అపోహ: పంట రక్షణకు లైసెన్సు ఉంటే పందిని కాల్చవచ్చు.

శ్రీకాకుళం జిల్లాలోని తోటల ప్రాంతమైన ఉద్దానం నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. పంట కాపాడుకోవడానికి గొట్టం మూతిలోంచి మందు దట్టించే పాతరకం తుపాకి సరిపోతుందనుకుంటే, దానికి లైసెన్సు ఇవ్వవచ్చునని ఆయుధ చట్టంలోని 13వ సెక్షన్ చెబుతున్నది. మా దస్త్రాల్లో దాన్ని ఎం.ఎల్. (మజిల్ లోడింగ్) గన్ అని రాసేవాళ్లం. ఆ లైసెన్సు తుపాకి దగ్గర ఉంచుకోవడానికే తప్ప జంతువును చంపడానికి కాదు. అడవి పంది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు వస్తుంది. అది పంటను పాడుచేస్తున్నా సరే, అటవీశాఖలో అధికారం ఉన్నవారి లిఖితపూర్వక అనుమతి లేనిదే చంపకూడదు. ఎలుగుబంటి, ఏనుగు అత్యధిక రక్షణ గల జంతువుల జాబితా అయిన ఆ చట్టం ఒకటవ షెడ్యూలులో ఉన్నాయి, వాటి విషయంలో నియమాలు మరింత కఠినం. చప్పుడుతో బెదరగొట్టడం వరకే ఆ తుపాకి ఉపయోగం. తుపాకి లేనివారు పొలం చుట్టూ కరెంటు తీగ కట్టడం ఇంతకన్నా పెద్ద నేరమూ, పెద్ద ప్రమాదమూ.

మందస వైపు నుంచి రెన్యువల్‌కు వచ్చిన ఒక ముసలాయన నాకు బాగా గుర్తు. బస్సులో అంతదూరం తుపాకిని పాత చీరలో చుట్టి తెచ్చారు. బహిరంగ ప్రదేశంలో తుపాకిని కప్పి తీసుకువెళ్లాలని 2016 నియమాలు చెబుతున్నాయి గనుక ఆ చీర ఒకరకంగా నియమపాలనే. "మా తాత నాటిది బాబూ, పందుల్ని బెదరగొట్టడానికే గాని ఒక్కదాన్నీ చంపింది నేదు" అన్నారు. గొట్టం మీద నంబరు తుప్పుతో పూడిపోయింది. దూదిని కిరసనాయిలులో ముంచి పావుగంట రుద్దితే, లైసెన్సు పుస్తకంలో 8 ఉన్నచోట తుపాకి మీద 3 కనిపించింది. ఎప్పుడో ఏ గుమాస్తా చేతిలోనో దొర్లిన తప్పు అది. చట్టం దృష్టిలో మాత్రం ఆయన చేతిలో ఉన్నది లైసెన్సు లేని తుపాకి. లైసెన్సు లేని తుపాకి ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష రెండేళ్ల జైలు, గరిష్ఠం అయిదేళ్లు. పాత రిజిస్టర్లు వెతికి, పోలీసు నివేదిక తెప్పించి ఆ ఒక్క అంకె దిద్దడానికి ఏడు నెలలు పట్టింది. అందుకే లైసెన్సు ఉన్నవారు ఎవరైనా ఈ రోజే తుపాకి మీది నంబరును పుస్తకంతో సరిచూసుకోవాలని గట్టిగా చెబుతాను.

అపోహ: తండ్రి తుపాకి భూమిలాగే కొడుకుకు వస్తుంది.

తుపాకి ఆస్తి వాటాగా వస్తుంది గాని లైసెన్సు రాదు. లైసెన్సుదారు మరణించిన తర్వాత ఆ తుపాకిని ఇంట్లో ఉంచుకోవడం చట్టవిరుద్ధం. ఆయుధ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్‌లో గాని, లైసెన్సున్న ఆయుధాల డీలరు వద్ద గాని జమచేసి రసీదు తీసుకోవాలి. పెదకర్మ అయిన తర్వాత చూద్దామనుకుని సంవత్సరాలు గడిపిన కుటుంబాలు నాకు తెలుసు. వారసుడు తన పేర కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి, మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. తండ్రి బతికి ఉండగానే బదిలీ చేసే మార్గం కూడా ఉన్నది. ఆయనకు 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకి 25 ఏళ్లుగా ఆయన వద్ద ఉన్నా, కుటుంబ సభ్యుని పేర లైసెన్సు పరిశీలిస్తారు. ఈ వెసులుబాటు సంగతి చాలామందికి తెలియదు. 2019 సవరణ ఒకరి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించిందని, లైసెన్సు కాలపరిమితిని మాత్రం మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచిందని కూడా గుర్తుంచుకోవాలి.

అపోహ: ఇంట్లో దొంగ పడితే కాల్చినా కేసు ఉండదు.

కేసు తప్పకుండా ఉంటుంది, ఆత్మరక్షణ అన్నది ఆ కేసులో మనం చెప్పుకునే సమాధానం మాత్రమే. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ నిబంధనలు 34 నుంచి 44 వరకు గల సెక్షన్లలో ఉన్నాయి. ఆస్తిరక్షణలో ప్రాణం తీసేవరకు వెళ్లే హక్కు దోపిడీ, రాత్రివేళ ఇల్లు పగలగొట్టి చొరబడటం, నివాసానికి నిప్పు పెట్టడం వంటి కొన్ని సందర్భాలకే పరిమితం. తోటలో జీడిపిక్కల బస్తా ఎత్తుకుని పారిపోతున్నవాడి వీపు మీద కాల్పులు జరిపితే ఆ హక్కు మనల్ని ఏ మాత్రం కాపాడదు.

చిన్న అపోహలు మరికొన్ని ఉన్నాయి. ఎన్నికలప్పుడు తుపాకి జమ చేయించుకుంటే లైసెన్సు రద్దయినట్టు కాదు, రసీదు భద్రపరచుకుంటే ఎన్నికలు ముగిశాక తిరిగి ఇస్తారు. పెళ్లి ఊరేగింపులో గాలిలోకి కాల్చడం ముచ్చట కాదు, మనుషుల ప్రాణం మీదకు తెచ్చేలా వేడుకల్లో కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. ఎయిర్ గన్లన్నిటికీ లైసెన్సు అక్కరలేదన్నది కూడా తప్పే. గుండు శక్తి 20 జౌల్స్ (శక్తిని కొలిచే ప్రమాణం) దాటినా, గొట్టం కొలత 0.177 అంగుళం మించినా లైసెన్సు కావాలి.

చివరగా, కలెక్టరు కాదన్నారంటే ఇక అంతే అన్న అపోహ ఉన్నది. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, తగిన ఆస్తి లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని ఆయుధ చట్టం 14వ సెక్షన్‌లోనే ఉన్నది, 18వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లవచ్చు. నా వద్దకు వచ్చినవారిలో చాలామంది తిరస్కరణ ఉత్తర్వును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని, అప్పీలు గడువు దాటిపోయిన తర్వాతే విప్పి చూపించేవారు.