కణంలో ప్రోటీను తయారీ, శక్తి విడుదల: అపోహలు - వాస్తవాలు

కణజీవశాస్త్రం బోధించే నాకు విద్యార్థుల జవాబుపత్రాల్లో కొన్ని పొరపాటు భావనలు ఏటా కనిపిస్తూనే ఉంటాయి. ఒక్కో కణాంగానికి ఒక్కో పని అని విడివిడిగా కంఠస్థం చేయించడమే వీటిలో చాలావాటికి మూలమని నా అభిప్రాయం. క్లోమంలో ఇన్సులిన్‌ను తయారుచేసే బీటా కణం పనితీరును గమనిస్తే ఈ అపోహలు చాలావరకు తొలగిపోతాయి.

అపోహ: ప్రోటీన్లు కేంద్రకంలో తయారవుతాయి.

వాస్తవం: కేంద్రకంలో ఉండేది సమాచారం మాత్రమే. ఇన్సులిన్ జన్యువును అనుసరించి ఏర్పడిన ఎంఆర్ఎన్ఏ, అంటే ఆ సమాచారపు నకలు, కేంద్రక రంధ్రాల గుండా కణద్రవ్యంలోకి వస్తుంది. అక్కడ దానిని చదివి, ప్రోటీన్ల నిర్మాణ భాగాలైన అమైనో ఆమ్లాలను వరుసగా కూర్చేవి రైబోసోములు. వాటి నిర్మాణాన్ని పరమాణు స్థాయిలో వెల్లడించినందుకు వెంకట్రామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అడా యోనత్‌లకు 2009లో నోబెల్ బహుమతి లభించింది.

అపోహ: రైబోసోము కూర్చగానే ప్రోటీను పనికి సిద్ధమవుతుంది.

వాస్తవం: ఇన్సులిన్ కోసం రైబోసోము మొదట కూర్చేది 110 అమైనో ఆమ్లాల గొలుసును. అందులో మొదటి 24 అమైనో ఆమ్లాలు చిరునామా వంటివి. అవి బయటపడుతుండగానే ఆ రైబోసోము, కణద్రవ్యంలో పొరల వలలా ఉండే అంతర్జీవద్రవ్యజాలానికి చేరి అతుక్కుంటుంది. ప్రోటీన్లలో ఇటువంటి సంకేతాలు ఉంటాయని నిరూపించిన గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమతి దక్కింది. గరుకు జాలంపై (రైబోసోములు అతుక్కున్న అంతర్జీవద్రవ్యజాలంపై) ఉండే రైబోసోములు వేరే జాతివి కావనీ, ఈ సంకేతమే వాటిని అక్కడికి చేరుస్తుందనీ ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. జాలం లోపల ఆ సంకేత భాగం తెగిపోయి, మిగిలిన 86 అమైనో ఆమ్లాల గొలుసు మూడు గంధక బంధాలతో సరైన ఆకృతిలోకి ముడుచుకుని, ప్రోటీన్లను సర్ది పంపే గాల్జీ సంక్లిష్టం మీదుగా చిన్న సంచుల్లోకి చేరుతుంది. అక్కడ ఎంజైములు దాని మధ్యభాగాన్ని కత్తిరించిన తరువాతనే, రెండు గొలుసులుగా ఉన్న 51 అమైనో ఆమ్లాల ఇన్సులిన్ మిగులుతుంది. కత్తిరించిన భాగమైన సీ-పెప్టైడు కూడా ఇన్సులిన్‌తో పాటే రక్తంలోకి విడుదలవుతుంది. ఇంజెక్షన్‌గా ఇచ్చే ఇన్సులిన్‌లో అది ఉండదు కనుక, రోగి శరీరం సొంతంగా ఎంత ఇన్సులిన్ తయారుచేస్తున్నదో అంచనా వేయడానికి వైద్యులు సీ-పెప్టైడునే కొలుస్తారు.

అపోహ: మైటోకాండ్రియా శక్తిని సృష్టిస్తాయి.

వాస్తవం: అవి ఆహారంలోని శక్తిని, కణం తన పనులకు వాడుకునే ఏటీపీ అనే అణువు రూపంలోకి మారుస్తాయి. ఆహారం నుండి వచ్చిన ఎలక్ట్రాన్ల ప్రయాణంలో విడుదలైన శక్తితో ప్రోటాన్లు లోపలి త్వచం దాటి బయటికి పంపబడతాయి. అవి తిరిగి లోపలికి ప్రవహించేటప్పుడు ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము తిరుగుతూ ఏటీపీని తయారుచేస్తుంది. పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించిన ఈ సిద్ధాంతానికి 1978లో నోబెల్ గుర్తింపు వచ్చింది. ఏటీపీని కండరాల నుండి 1929లో వేరుచేసినవారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఈ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. ఒక గ్లూకోజు అణువుకు 38 ఏటీపీలన్న పాత లెక్కకు బదులు ఇప్పుడు సుమారు 30 నుండి 32 అని చెప్పడం సరైనది.

అపోహ: ప్రోటీను తయారీకీ శక్తి విడుదలకూ సంబంధం లేదు.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికన్నా నష్టం చేసే అపోహ ఇదే. ఒక్కో అమైనో ఆమ్లాన్ని గొలుసులో చేర్చడానికి ఏటీపీ వంటి అణువుల్లోని కనీసం నాలుగు అధికశక్తి ఫాస్ఫేటు బంధాలు ఖర్చవుతాయి. అంటే 110 అమైనో ఆమ్లాల గొలుసుకు నాలుగు వందలకు పైగా. మరోవైపు, మనిషి మైటోకాండ్రియా డీఎన్ఏ కేవలం 13 ప్రోటీన్లకు సంకేతాలనిస్తుంది. మైటోకాండ్రియాకు కావలసిన మిగిలిన వెయ్యికి పైగా ప్రోటీన్లు కణద్రవ్యంలోని రైబోసోములపై తయారై లోపలికి చేరవలసిందే.

బీటా కణంలో ఈ సంబంధం మరింత స్పష్టం. రక్తంలో గ్లూకోజు పెరిగితే కణంలో ఏటీపీ పెరుగుతుంది; దానితో కణత్వచంలోని పొటాషియం మార్గాలు మూసుకుని, కాల్షియం లోపలికి ప్రవేశించి, ఇన్సులిన్ సంచులు కణం బయటికి విడుదలవుతాయి. మధుమేహానికి వాడే గ్లిమిపిరైడ్ మాత్రలు పనిచేసేది కూడా ఆ పొటాషియం మార్గాలను మూయడం ద్వారానే. మైటోకాండ్రియా డీఎన్ఏలో ఒక టీఆర్ఎన్ఏ (రైబోసోముకు అమైనో ఆమ్లాలను అందించే అణువు) జన్యువు దెబ్బతిన్నప్పుడు, అక్కడి ప్రోటీను తయారీ కుంటుపడి, తద్వారా ఏటీపీ తగ్గి, తల్లి నుండి బిడ్డలకు సంక్రమించే ఒక రకం మధుమేహం వినికిడి లోపంతో కలిసి రావచ్చు.