ద్రాక్ష: భయం ఒకచోట, జాగ్రత్త మరోచోట

అపోహ: పండు మీది తెల్లటి పొర పురుగుమందే.
వాస్తవం: అది కాయ తనంతట తాను కట్టుకునే మైనం. లోపలి తేమను కాపాడుతుంది. అది చెదరకుండా ఉందంటే పండును పెద్దగా చేతులు నలపలేదని అర్థం. మందు అవశేషం చాలావరకు కంటికి కనపడదు, అందుకే తళతళలాడే పండునైనా కడగాల్సిందే. లీటరు నీళ్లలో రెండు టీస్పూన్ల వంటసోడా కలిపి, గుత్తిని పది పన్నెండు నిమిషాలు ఉంచి, ధారగా పడే నీళ్ల కింద వేళ్లతో రుద్దండి. తొక్క దాటి లోపలికి ఇంకిన మందు మాత్రం ఏ కడుగుడుకూ పోదు. కడగడం తినబోయే ముందే. తడి గుత్తిని ఫ్రిజ్‌లో పెడితే తొడిమ దగ్గర బూజు పట్టి పక్క పండ్లకూ పాకుతుంది.

అపోహ: షుగర్ ఉన్నవాళ్లు ముట్టకూడదు.
వాస్తవం: లెక్క తెలిస్తే చాలు. 100 గ్రాముల ద్రాక్షలో పిండిపదార్థం సుమారు 18 గ్రాములు, దాదాపు 70 కేలరీలు. పెద్ద పండ్లు పదిహేను తింటే మొత్తం 13 గ్రాముల పిండిపదార్థం దాకా పడుతుంది, షుగర్ అదుపులో ఉంటే చాలామందికి సర్దుబాటయ్యే మోతాదే. అన్నం తిన్న వెంటనే కాకుండా, సాయంత్రం గుప్పెడు పల్లీలతో తినండి. చిక్కల్లా జ్యూస్‌తోనే. గ్లాసుకు పావు కిలో పైగా పండ్లు పడతాయి, వడకడితే ఉన్న కాస్త పీచూ పోతుంది. కిస్మిస్ కూడా అంతే: 30 గ్రాముల్లోనే 24 గ్రాముల దాకా పిండిపదార్థం. ‘డ్రై ఫ్రూట్ కదా’ అని గుప్పిళ్లతో తినేవాళ్లు దీన్నే మరిచిపోతారు.

అపోహ: నల్లద్రాక్ష తింటే రక్తం పడుతుంది.
వాస్తవం: నలుపు ఆంథోసయనిన్లనే రంగు పదార్థాలది, ఇనుముది కాదు. 100 గ్రాముల్లో ఇనుము అర మిల్లీగ్రాము కూడా ఉండదు. మన దేశంలో వయోజన స్త్రీకి రోజుకు సిఫారసు చేసింది 29 మిల్లీగ్రాములు. రక్తహీనతకు ద్రాక్షను నమ్ముకుని మాత్రలు మానేయడం తప్పు.

అపోహ: గింజల్లేనివి ఇంజెక్షన్ కాయలు.
వాస్తవం: థాంప్సన్ సీడ్‌లెస్ పాతకాలపు రకమే. పిందె పడ్డాక గింజ ఎదుగుదల మధ్యలోనే ఆగిపోతుంది. కాయను పెంచే జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ గింజలోంచే ఎక్కువగా వస్తుంది కాబట్టి, అది లేని కాయ చిన్నదవుతుంది. ఆ లోటు తీర్చడానికే రైతులు అదే రకం హార్మోనైన జిబ్బరెల్లిక్ ఆమ్లం పిచికారీ చేస్తారు. సూదులేమీ ఉండవు.

అపోహ: పుల్లటివి నాలుగు రోజులుంచితే తియ్యబడతాయి.
వాస్తవం: మామిడిలా మాగే పండు కాదిది. కోశాక వాడిపోతుందే తప్ప తీపి పెరగదు. కొనేటప్పుడు కాడ పచ్చగా ఉందా చూడండి, ఒకటి రుచి చూసి తీసుకోండి. పుల్లగా వచ్చాయా, సగానికి కోసి ఉప్పూకారం చల్లుకోండి, లేదా పెరుగు పచ్చడిలో వేయండి. తియ్యటివైతే కడిగి, తుడిచి, నాలుగు గంటలు ఫ్రీజర్‌లో పెడితే ఎండాకాలం ఐస్‌క్రీమ్ అక్కర్లేదు.

పిల్లలకు మాత్రం ఆ గడ్డకట్టినవి వద్దు. ఐదేళ్లలోపు వాళ్లకు మామూలు ద్రాక్ష కూడా నిలువునా నాలుగు ముక్కలు చేసే పెట్టాలి, అడ్డంగా చక్రాల్లా కోస్తే ఆ ముక్క కూడా గొంతుకు బిరడాలా అడ్డుపడవచ్చు.