తట్టు పోసిన బిడ్డకు తిండి మాన్పించకండి: చూపు పోయేది అక్కడే

మన్యం గూడేల్లో కంటి పరీక్షలకు వెళ్లినప్పుడు నాకు పదేపదే వినిపించే మాట ఒకటుంది. "అమ్మవారు పోసింది కదమ్మా, మందు వేయకూడదు, నూనె తగలకూడదు." అప్పటికే ఆ బిడ్డకు రోజుల తరబడి గంజినీళ్లే గతి. కళ్లు పుసులు కట్టి, వెలుతురు చూడలేక తల్లి కొంగులో మొహం దాచుకుని ఉంటాడు. మిగతా అపోహల సంగతి తర్వాత, ముందు దీని గురించి చెప్పాలి.

అపోహ: తట్టు అమ్మవారి వల్ల వస్తుంది, పథ్యం చేస్తే అదే తగ్గుతుంది.

తట్టు వైరస్‌తో వచ్చే జబ్బు. కంటిచూపుకు కావాల్సిన విటమిన్ ఏ ఒంట్లో నిల్వ ఉండేది కాలేయంలో. పేదింటి పిల్లల్లో ఆ నిల్వ ముందే అంతంతమాత్రం. తట్టు వచ్చాక జ్వరం, విరేచనాలు ఉన్న కాస్తా లాగేస్తాయి. సరిగ్గా అప్పుడే మనం గుడ్డు, పాలు, నూనె ఆపేస్తాం. విటమిన్ ఏ కొవ్వులో కరుగుతుంది కాబట్టి, నూనె చుక్క లేకుండా ఎంత ఆకుకూర పెట్టినా ఒంటికి సరిగా పట్టదు. దాంతో నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, అంటే కార్నియా, ముందు ఎండుతుంది, తర్వాత మెత్తబడి కరిగిపోతుంది. దీన్నే కెరటోమలేషియా అంటాం. అది మొదలయ్యాక కన్ను పోవడానికి ఒకటి రెండు రోజులు చాలు.

ఈలోగా ఎవరో ఒకరు ఆకు పసరు పిండుతారు, జిల్లేడు పాలు వేస్తారు. ఎండిన కార్నియా మీద పసరు పడితే పుండు అవుతుంది, పుండు మానితే పువ్వు, అంటే తెల్ల మచ్చ, మిగులుతుంది. పిల్లలకు ఇలా పువ్వు వేస్తే చాలాసార్లు మళ్లీ చూపు తెప్పించలేం. "కన్ను మార్పిడి చేయించండి, ఎంతైనా ఖర్చు పెట్టుకుంటాం" అని ఏడ్చే తండ్రులను చూశాను. మార్చేది కార్నియాను మాత్రమే, మొత్తం కన్నును కాదు. అదీ చిన్న పిల్లల్లో నిలవడం కష్టం.

తట్టు వచ్చిన ప్రతి బిడ్డకూ వరసగా రెండు రోజులు విటమిన్ ఏ పట్టించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏడాది దాటితే రోజుకు 2 లక్షల యూనిట్లు, ఆరు నెలల నుంచి ఏడాది లోపు అయితే లక్ష, ఆరు నెలల లోపు 50 వేలు. కళ్లలో విటమిన్ ఏ లోపం లక్షణాలు కనిపిస్తే కొన్ని వారాల తర్వాత మూడో మోతాదు. మోతాదు మీరు లెక్కేసుకోవద్దు, పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) తీసుకెళ్లండి, వాళ్లే పట్టిస్తారు.

ఒక గూడెంలో అమ్మమ్మ మనవరాలిని ఎత్తుకొచ్చింది. తట్టు తగ్గి కొన్ని వారాలైంది. టార్చి వేసి చూస్తే తెల్లగుడ్డు మీద, కణత వైపు, సబ్బు నురగ అంటుకున్నట్టు చిన్న మచ్చ. బిటాట్ మచ్చ అంటే అదే. "పొద్దుగూకితే పిల్ల ఎలా ఉంటోంది?" అని అడిగాను. "మూల కూర్చుంటుందమ్మా, కదలదు. కంచం ముందు పెట్టినా తడుముకుంటుంది. దయ్యం జడుపు అనుకుని తాయెత్తు కట్టించాం." అది జడుపు కాదు, రేచీకటి. మందు పట్టించబోతే, అమ్మవారు ఊరుకుంటుందా అని ఆమె చేతులు వణికాయి. నేను వాదించలేదు. "వేపాకు కట్టుకో, మొక్కు తీర్చుకో, ఎవరూ కాదనరు. బిడ్డ నోట్లో మందు, కంచంలో గుడ్డు మాత్రం ఆపకు" అన్నాను. వారం తిరక్కముందే ఆ పిల్ల సందెవేళ వాకిట్లో ఆడుకుంటోందని ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. రేచీకటి దశలో పట్టుకుంటే ఇంత తొందరగా తగ్గుతుంది. అందుకే ఆలస్యమంటే నాకు అంత టెన్షన్.

మిగతావి క్లుప్తంగా.

"చుక్కలు వేయించాం కదా" అంటారు. పోలియో చుక్కలు వేరు, విటమిన్ ఏ వేరు. విటమిన్ ఏ తొమ్మిదో నెలలో ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాతో పాటు మొదలై, అయిదేళ్లు నిండేదాకా మొత్తం తొమ్మిది మోతాదులు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో మొదలైన కార్యక్రమం ఇది.

"ఆ మందుతో పిల్లలు చచ్చిపోతారట" అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు తిరుగుతుంటాయి. అవి పంపేవాళ్లు కన్ను కరిగిపోయిన పిల్లాడిని ఒక్కసారైనా చూస్తే బాగుండును. సరైన మోతాదు పడితే కొందరికి వాంతి, తలనొప్పి రావచ్చు, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. ఎక్కువైతే మాత్రం చేటే, గర్భిణులకు పెద్ద మోతాదులు అసలు ఇవ్వకూడదు.

రేచీకటికి మేక కాలేయం మంచిదన్న పెద్దల మాట నిజమే, కాలేయంలో విటమిన్ ఏ బాగా ఉంటుంది. వండి తినిపించండి. దాని రసం కంట్లో పిండొద్దు.

క్యారెట్ కొనలేమని బాధపడొద్దు. మునగాకు, తోటకూర, బొప్పాయి, గుమ్మడి ఊళ్లోనే దొరుకుతాయి, కాస్త నూనె వేసి వండండి. కాన్పు కాగానే తల్లికి పడే ముర్రుపాలు పారబోయకండి, వాటిలోనూ విటమిన్ ఏ దండిగా ఉంటుంది. ఇవన్నీ తింటే కళ్లజోడు పోతుందా అంటే, పోదు. అది వేరే సమస్య.

దాతలకు ఒక మాట. బిస్కెట్ ప్యాకెట్లు పంచి ఫొటోలు దిగి వెళ్తున్నారు. మీ మనసు మంచిదే, కానీ బిస్కెట్‌తో ఈ లోపం తీరదు. ఆ డబ్బుతో గుడ్లు, వంటనూనె ఇవ్వండి. కొండ మీది తల్లి బిడ్డను పీహెచ్‌సీకి తీసుకెళ్లడానికి ఆటో ఛార్జీలు పెట్టండి. చాలామంది ఆగిపోయేది ఆ ఛార్జీల దగ్గరే.

ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలుంటే ఈ రోజే ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) తీసి విటమిన్ ఏ గడులు చూడండి. ఖాళీ ఉంటే ఏఎన్ఎమ్‌నో, అంగన్‌వాడీ టీచర్‌నో అడగండి. తట్టు వచ్చిన బిడ్డ కళ్లు తెరవలేకపోతుంటే క్యాంపు ఎప్పుడు పెడతారా అని చూడకండి, అదే రోజు ఆసుపత్రికి బయల్దేరండి.