విపత్తును చూసినవారి ముప్పు అంచనా: అపోహలు – వాస్తవాలు

వరద హెచ్చరిక వెలువడగానే ముంపు ప్రాంతాల వారిని ఖాళీ చేయించడం నా పని. ఆ పనిలో పదే పదే వినిపించే నమ్మకాలు ఇవి.

అపోహ: ఒకసారి విపత్తు బారిన పడినవారు మళ్లీ ఏమరుపాటుగా ఉండరు.

వాస్తవం: ఒక పెద్దావిడ తన ఇంటి గోడమీద బొగ్గుతో గీసిన గీతను చూపించి, "అప్పుడు నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి బాబూ, అంతకు మించి రావు" అన్నారు. ఇంటి పత్రాలున్న పెట్టెను ఆ గీతకు సరిగ్గా జానెడు పైన అమర్చుకున్నారు. ఆవిడది నిర్లక్ష్యం కాదు. పాత వరద నేర్పిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారు, కానీ ఆ వరద నేర్పింది తన ఎత్తును మాత్రమే. వరద మైదానాల్లో నివసించేవారు తమ అనుభవానికి బందీలవుతారని భూగోళ శాస్త్రవేత్త రాబర్ట్ కేట్స్ 1962లోనే రాశారు.

అపోహ: తృటిలో తప్పించుకున్నవారికి భయం ఎక్కువ.

వాస్తవం: గుమ్మం దాకా వచ్చిన నీరు వెనక్కి తీసిందని చెప్పేవారిలో కొందరు "ఇంకాస్తయితే మునిగిపోయేవాళ్లం" అంటారు, మరికొందరు "మన ఇంటికేమీ కాదు" అంటారు. రెండో మాట అన్నవారిని కదిలించడమే కష్టం.

అపోహ: నూరేళ్ల వరద వచ్చిపోయింది కనుక మన తరంలో మళ్లీ రాదు.

వాస్తవం: అంతటి వరద ఏ ఏడాదైనా రావడానికి 1 శాతం అవకాశం ఉందని మాత్రమే ఆ మాటకు అర్థం. 30 ఏళ్లలో కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం సుమారు 26 శాతం. ఇంతగా పొరబాటుకు తావిచ్చే పేరును వాడకపోవడమే మేలని నా అభిప్రాయం.

అపోహ: కళ్లారా చూడనివారికి ముప్పు తెలియదు.

వాస్తవం: ఇండోనేషియాలోని సిమెలుయె ద్వీపంలో 1907 నాటి సునామీ జ్ఞాపకం 'స్మోంగ్' అనే మాటతో కథలుగా, పాటలుగా తరతరాలకూ అందింది. భూమి గట్టిగా కంపించి సముద్రం వెనక్కి వెళితే కొండెక్కాలన్నదే అందులోని సారం. 2004 సునామీలో 70 వేలకు పైగా జనాభా ఉన్న ఆ ద్వీపంలో మరణించినవారు ఏడుగురే. ఆ కథ అలల ఎత్తును కాదు, ఆనవాళ్లనూ చేయవలసిన పనినీ గుర్తుపెట్టుకుంది.

అందుకే గోడమీది గీతను చూపించేవారితో నేనిప్పుడు వాదించను. నీరు ఎటునుంచి వచ్చింది, గుమ్మం దాటాక గీతను చేరడానికి ఎంతసేపు పట్టింది, అప్పటికి దారి ఇంకా తెరిచే ఉందా అని అడుగుతాను.